మూడోసారి సీసీ రోడ్డు పోశారు, నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. ఈ పనులు ఎవరు తీర్మానిస్తారు?

రాజోలు కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర చిన్న ఊరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మా నాన్నా ఊళ్లోనే ఉంటారు. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి.

మా పెంకుటింటి అరుగుకి నా చిన్నప్పుడు మూడు మెట్లు ఉండేవి. మట్టి వీధి మీద మొదటిసారి సీసీ రోడ్డు వేసినప్పుడు ఒక మెట్టు పోయింది. అది పగిలిందని కొన్నేళ్లకి దాని మీదే ఇంకోటి పోశారు, రెండో మెట్టు పోయింది. ఈ వేసవిలో మూడోది పోశారు, ఇప్పుడు రోడ్డు మీంచి ఇంట్లోకి దిగాలి. మొన్న 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిందిగా, ఆ వానకి వీధిలో నీళ్లన్నీ మా వసారాలోకి వచ్చేశాయి. కరెంటు లేదు. డెబ్బై దాటిన మనిషి, నాన్న టార్చిలైటు చంకలో పెట్టుకుని తిండి గింజల బస్తాలు మంచం మీదకి ఎక్కించారట. ఆ సంగతి మర్నాడు ఫోన్ కలిశాక చెప్పారు, అదీ నవ్వుతూ.

వీధి చివర రోడ్డు కింద నుంచి నీళ్లు దాటే ఖానా ఒకటి ఉంది. అందులోంచి నీళ్లు బోదెలోకి (పొలాల పక్కన చిన్న కాలవ), అక్కణ్నించి డ్రెయిన్లోకి పోవాలి. పేరుకి రెండడుగుల తూము. నాన్న గెడకర్ర పెట్టి పొడిస్తే జానెడు లోపలికి పోయి ఆగిపోయిందట, కొబ్బరి డొక్కలూ ఖాళీ సిమెంటు సంచులూ కూరుకుపోయి. ఆ సంచులు ఈ రోడ్డు పనివే!

పంచాయతీకి వెళ్లి అడిగితే "రోడ్డు వేరే గ్రాంటు బాబాయ్ గారూ, కాలవకి మా దగ్గర ఫండు లేదు" అన్నారట. ఒకే వీధిలో రోడ్డుకి డబ్బు ఉండి దాని పక్కన కాలవకి లేకపోవడం ఏమిటో నాకు అర్థం కావట్లేదు. గ్రామసభలో తీర్మానించాం అన్నారట, ఎప్పుడు జరిగిందో నాన్నకి గుర్తు లేదు. ఎవరినీ తిట్టించడానికి కాదు అడుగుతున్నది. వచ్చే వానల్లోపు ఏం చేయొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

పాలకొల్లు వార్డు మెంబర్:

తమ్ముడూ, ముందు నాన్నగారిని బస్తాలు ఎత్తనివ్వకు. పక్కింటి కుర్రాళ్ల నంబర్లు దగ్గర పెట్టుకుని నువ్వే ఫోన్ చేసి చెప్పు.

నేను పాలకొల్లు వైపు ఒక పంచాయతీలో వార్డు మెంబర్ని. మీ పంచాయతీ వాళ్లు చెప్పింది పూర్తి అబద్ధమేం కాదు, సగం నిజం. పంచాయతీ డబ్బు అంటే ఒక బీరువా అనుకుంటారు అందరూ. అది పోపు డబ్బా లాంటిది. ఆవాల గిన్నె వేరు, మెంతుల గిన్నె వేరు, ఒకదాంట్లోది తీసి ఇంకోదాంట్లో పొయ్యడానికి లేదు.

మొదటి గిన్నె మన సొంతం. ఇంటి పన్ను, రిజిస్ట్రేషన్లలో వచ్చే వాటా, చేపల చెరువు పాట, గట్టు మీద కొబ్బరి చెట్ల పాట, సంత ఉంటే ఆశీలు. ఇది ఎలాగైనా ఖర్చు పెట్టొచ్చు గానీ వీధి లైట్లకి, బ్లీచింగ్‌కి, మోటారు కాలితే వైండింగ్‌కి, చెత్త తీసేవాళ్ల జీతాలకే అడుగంటిపోతుంది. మా ఊళ్లో చెరువు పాట బాగా వచ్చిన ఏడాది ఒక్కటే ఊపిరి ఆడుతుంది.

రెండోది 15వ ఆర్థిక సంఘం డబ్బు. కేంద్రం నుంచి వస్తుంది, 2021 నుంచి 2026 మార్చి దాకా, తర్వాత 16వది మొదలు. రాష్ట్రానికి వచ్చిన దాంట్లో 70 నుంచి 85 శాతం గ్రామ పంచాయతీలకే ఇవ్వాలి, మిగతాది మండల పరిషత్తుకీ జిల్లా పరిషత్తుకీ. మళ్లీ అందులో 60 శాతానికి ముడి వేసి పంపిస్తారు, 30 మంచినీళ్లకి, 30 పారిశుద్ధ్యానికి. మిగతా 40 మన ఇష్టం, జీతాలకి మాత్రం వాడకూడదు. నువ్వు గట్టిగా పట్టుకోవాల్సింది ఇక్కడే. ఇళ్లలో వాడిన నీళ్లు పోయే కాలవ పారిశుద్ధ్యం కిందకే వస్తుంది. ఫండు లేదంటే ఆ 30 శాతం దేనికి పెట్టారో అడగండి. లేదనడానికి కారణాలు ఉండొచ్చు కూడా, 2021-22లో ఈ డబ్బుని కరెంటు బకాయిలకి సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కారు, గుర్తుందా.

మూడోది 2005 చట్టం కింద వచ్చిన ఉపాధి హామీ. మీ రోడ్డు నూటికి తొంభై పాళ్లు ఇందులోదే. కూలికి 60 రూపాయలు ఖర్చయితే మెటీరియల్‌కి 40 దాకా పెట్టొచ్చు, ఈ లెక్క జిల్లా మొత్తం మీద చూస్తారు. అంటే ఎర్రటి ఎండలో మట్టి తవ్విన ఆడవాళ్ల కూలి లెక్క మీదే ఈ సిమెంటు వస్తుందన్నమాట. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు, ఈ పనుల తీర్మానాలకే. ఆ తర్వాత అక్టోబర్‌లో పల్లె పండుగ అని 30,000 పనులు, 4,500 కోట్లు అన్నారు, అందులో ఎక్కువగా కనిపించినవి సీసీ రోడ్లే. మీది ఆ విడతో తర్వాత విడతో మినిట్స్ పుస్తకంలో ఉంటుంది. గ్రామ సచివాలయంలో అడిగితే చూపించాలి.

ఆడవాళ్లకి 50 శాతం రిజర్వేషన్ అంటారు కదా, నేను గెలిచిన కొత్తలో ఆ మినిట్స్ పుస్తకం మా ఇంటికే పంపేవారు, మా ఆయన చేత సంతకం పెట్టించి పంపమని. రెండోసారి వచ్చినప్పుడు పుస్తకం నా దగ్గరే ఉంచేసుకుని మొదటి పేజీ నుంచి చదివాను. అప్పటి నుంచి పంపడం మానేశారు, మీటింగుకే పిలుస్తున్నారు.

మొగల్తూరు మాట:

అందరూ పంచాయతీనే అంటారు. ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. మీ ఇంటి ముందు మోటారు సైకిల్ ఎక్కడానికి సిమెంటు ర్యాంపు ఉందా? అది కాలవ మీద పోశారా, కాలవలోనే పోశారా? ఇంటి పన్ను ఎన్నాళ్ల నుంచి బాకీ?

మా వీధిలో కాలవ కట్టడానికి కాంట్రాక్టర్ వస్తే 22 ఇళ్ల వాళ్లు ఒక్కటై వెనక్కి పంపారు, ర్యాంపులు పగలగొడితే ఊరుకోం అని. అదే రోడ్డు పోస్తామంటే కొబ్బరికాయ కొట్టి, కూలీలకి కూల్‌డ్రింకులు ఇచ్చారు.

రాజోలు కుర్రోడు:

ఉంది. నా బండి కోసం నేనే పోయించాను, 2019లో. కింద తూము వెయ్యమంటే మేస్త్రి ఇంకో పదిహేను వందలవుతుందన్నాడు, వద్దన్నాను. ఇంటి పన్ను మాత్రం బాకీ లేదు, నాన్న రసీదులన్నీ ఫైలులో పెట్టారు.

పాత ఏఈ:

బాబూ, నేను ఇంజనీరింగ్ విభాగంలో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీర్‌గా పనిచేసి రిటైరయ్యాను, ఇలాంటి ఎస్టిమేట్లు వందల్లో రాశాను. కాబట్టి నేను చెప్పేదాంట్లో కొంత నా తప్పు కూడా ఉంది.

రోడ్డు మీద రోడ్డు ఎందుకు పోస్తారంటే, పాతదాన్ని పగలగొట్టి ఎత్తి పారేయడానికి ఎస్టిమేట్‌లో విడిగా ఒక పద్దు పెట్టాలి. అది పెడితే ఉన్న డబ్బుకి పొడవు తగ్గిపోతుంది. 200 మీటర్లు రావాల్సిన చోట 150 వస్తే మిగతా యాభై మీటర్ల ఇళ్లవాళ్లు ఊరుకుంటారా? అందుకని దాని మీదే ఒక పొర పరిచి, పైన ఆరంగుళాల కాంక్రీటు. అంటే ప్రతిసారీ తక్కువలో తక్కువ మెట్టు ఎత్తు. మీ అరుగు లెక్క సరిగ్గా సరిపోయింది.

రోడ్డు అందరికీ ఎందుకు ముద్దంటే, టేపు పెట్టి కొలవడం తేలిక, ఫొటోలో బాగా కనిపిస్తుంది, రెండు వారాల్లో తేలిపోతుంది, మార్చిలోపు ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) రాసి బిల్లు పెట్టుకోవచ్చు. కాలవ అలా కాదు. లెవెల్స్ తీయాలి, వాలు చూడాలి, చివర నీళ్లు ఎక్కడ కలుస్తాయో తేల్చాలి, పైనాయన చెప్పినట్టు ర్యాంపుల తగాదా తీర్చాలి. మన డెల్టాలో వాలు ఎంతని? సముద్రానికి దగ్గరగా వచ్చేకొద్దీ నేల పళ్లెంలా ఉంటుంది, రెండంగుళాలు అటూ ఇటూ అయితే నీళ్లు వెనక్కి నడుస్తాయి. ఒకసారి నేనే ఒక ఊళ్లో చివర కలిసే చోటు చూడకుండా సైడు డ్రెయిన్ ఎస్టిమేట్ మీద సంతకం పెట్టాను. కాలవ బ్రహ్మాండంగా కట్టారు. నీళ్లు స్కూలు ఆవరణలోకి చేరాయి. ఆ హెడ్మాస్టర్ గారు ఏమీ అనలేదు, నన్ను పిలిచి వరండాలో కుర్చీ వేసి కాళ్ల కింద నీళ్లలోనే కాఫీ ఇప్పించారు.

మీరు చేయాల్సింది చెబుతాను. ఈ రోడ్డు ఎస్టిమేట్, ఎం-బుక్, తీర్మానం కాపీలు సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో ఇవ్వాలి. కాగితాలే కాదు, పనిని స్వయంగా పరిశీలించే హక్కు, మెటీరియల్ శాంపిల్ తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే రాసి ఉన్నాయి, ఇది చాలామందికి తెలియదు. ఎస్టిమేట్‌లో సైడు డ్రెయిన్ గానీ ఖానా రిపేరు గానీ ఉండి చేయకపోతే అది ఒక దారి. అసలు లేకపోతే కొత్త పనిగా పెట్టించుకోవడం రెండో దారి. నా అంచనా, మీది రెండోదే.

ఖానాలో సిమెంటు సంచులు మాత్రం తీర్మానాల దాకా ఆగక్కర్లేదు, రేపే తీయించండి.

దాళ్వా రైతు:

ఏఈ గారు చెప్పింది ఊరి దాకా బాగానే ఉంది, ఊరు దాటాక సంగతి నేను చెప్తా. మాది ఉండి దగ్గర, పక్కన యనమదుర్రు డ్రెయిన్.

ఊళ్లో కాలవ పంచాయతీది. అది కలిసే బోదె రైతులది అంటారు, కాదు నీటి సంఘానిది అంటారు. ఆ బోదె కలిసే మైనర్ డ్రెయిను, అది కలిసే మేజర్ డ్రెయిను ఇరిగేషన్ వాళ్ల డ్రైనేజీ విభాగానివి. మధ్యలో రోడ్డు అడ్డమొస్తే కింద ఖానా ఆ రోడ్డు ఎవరిదైతే వాళ్లది, పంచాయతీరాజ్‌ది కావచ్చు, ఆర్ అండ్ బీది కావచ్చు, 216 నంబరు జాతీయ రహదారి దాటాలంటే హైవే వాళ్లది. ఒక్క వాన చినుకు మీ అరుగు మీంచి సముద్రంలో కలిసేలోపు నాలుగు ఆఫీసులు దాటాలి, ఏ ఆఫీసు గేటు దగ్గర ఆగినా వెనక్కి వచ్చేది మీ వసారాలోకే.

కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1852 కల్లా ఆనకట్ట కట్టి నీళ్లు తెచ్చిచ్చాడని బొమ్మకి దండలు వేస్తాం. వచ్చిన నీళ్లు పోవడం సంగతి తర్వాతోళ్లకి మిగిలింది. 1960లలో డెల్టా మురుగు సంగతి చూడటానికి మిత్ర కమిటీ వచ్చింది, డ్రెయిన్లు ఎలా వెడల్పు చెయ్యాలో చెప్పింది, 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం చేశారు. మా తాత ఎకరానికి ఇంత అని ఆ సెస్సు కట్టేవాడు, ఆ మాట ఎత్తితే పోయేదాకా తిట్టాడు. డబ్బు మన దగ్గర తీసుకుని మరీ తవ్వాల్సిన కాలవలు అవి. ఇప్పుడు వాటి నిండా గుర్రపుడెక్క, కిక్కిస, రెండు వైపులా రొయ్యల చెరువుల గట్లు, డ్రెయిను గట్టుని తన చెరువు గట్టుగా కలిపేసుకున్నవాడు కూడా ఉన్నాడు. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) మానేసి క్రాప్ హాలిడే అన్నప్పుడు అడిగిన వాటిల్లో మురుగు కాలవల పూడిక కూడా ఒకటి. ఇంకా మీ రాజోలు వైపు సముద్రం ఎగదన్ని ఉప్పునీరు శంకరగుప్తం డ్రెయిన్లోంచి తోటల్లోకి వచ్చి కొబ్బరి చెట్లు తలలు వాల్చేసిన సంగతి మీకే బాగా తెలుసు.

అందుకని ఖానా ఒక్కటి శుభ్రం చేస్తే అయిపోదు. ముందు మీ బోదెలో నీళ్లు ఎటు పోతున్నాయో గట్టు మీద నడిచి చూడండి. 2024 డిసెంబర్‌లో నీటి సంఘాలకి ఎన్నికలు అయ్యాయి, మీ సంఘం అధ్యక్షుడు ఎవరో కనుక్కోండి. మా ఊళ్లో ఆయన్ని పట్టుకునే కిలోమీటరు పొడవు డెక్క తీయించాం, నాలుగు నెలల్లో మళ్లీ అల్లుకుంది అది వేరే సంగతి.

రాజోలు కుర్రోడు:

అందరికీ థాంక్స్. ఇది జెడ్పీటీసీకో ఎమ్మెల్యేకో చెబితే పైనుంచి త్వరగా అవుతుందా? మా బంధువు ఒకాయన అదే అంటున్నాడు, పంచాయతీతో టైం వేస్ట్ అని.

పాలకొల్లు వార్డు మెంబర్:

చెప్పొచ్చు. కానీ జిల్లా పరిషత్తు ఎక్కడుందో చూసుకో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 చేశారు, జిల్లా పరిషత్తులు మాత్రం పాత 13 జిల్లాల లెక్కనే నడుస్తున్నాయి. మీకు కలెక్టర్ అమలాపురంలో, జెడ్పీ కాకినాడలో. మాకు కలెక్టర్ భీమవరంలో, జెడ్పీ ఏలూరులో. పాత తూర్పు గోదావరి మొత్తం మండలాల జెడ్పీటీసీలు, ఎమ్మెల్యేలు, ఎంపీలు ఒక హాల్లో కూర్చుంటారు, ఏడు స్థాయీ సంఘాలు ఉంటాయి, మీ వీధి ఖానా అక్కడ దాకా వెళ్లి తిరిగి రావాలి. జెడ్పీకి చెప్పాల్సింది ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు కింద ఖానా సంగతి. మీ వీధి సంగతి మీ పంచాయతీతోనే తేలాలి.

టైం కూడా ఇదే. వచ్చే ఆర్థిక సంవత్సరానికి గ్రామ పంచాయతీ ప్రణాళిక ఏటా అక్టోబర్ నుంచి జనవరి మధ్యే తయారుచేస్తారు, ఉపాధి హామీ పనుల జాబితా కూడా ఈ రోజుల్లోనే. ఆ జాబితాలో లేని పనికి తర్వాత ఎంత తిరిగినా కష్టం. ముంపు చోట్ల మురుగు పారే పనులు 2005 ఉపాధి హామీ చట్టంలో రాసిన పనుల్లోనే ఉన్నాయి. మేరీ పంచాయత్ యాప్‌లో మీ ఊరు పేరు కొట్టి ఈ ఏడాది ప్రణాళికలో ఏమేం పెట్టారో ముందు చూడు. అర్జీలో "మురుగు సమస్య పరిష్కరించగలరు" అని రాయకండి, దానికి పద్దు ఉండదు. ఫలానా చోటు నుంచి ఫలానా ఖానా దాకా ఇన్ని మీటర్ల సైడు డ్రెయిన్ అని రాయండి.

మొగల్తూరు మాట:

ర్యాంపు పగలగొట్టడానికి మేం సిద్ధం అని కూడా రాసి, వీధిలో అందరి సంతకాలూ పెట్టించండి. అది లేకపోతే మిగతాదంతా దండగ.

రాజోలు కుర్రోడు:

అప్‌డేట్. రెండో శనివారం సెలవుకి ఊరెళ్లాను. ఖానా నలుగురం కలిసి తీశాం, పదకొండు సిమెంటు సంచులు, ఒక స్కూలు బ్యాగు, లెక్కలేనన్ని డొక్కలు. అవతల వైపు బోదె గట్టు మీద డ్రెయిను దాకా నడిచాను, దారిలో ఒకచోట చెరువు గట్టు బోదెలోకి మూడడుగులు వచ్చేసి ఉంది, ఫొటోలు తీశాను. నీటి సంఘం ఆయన చూస్తానన్నారు.

సచివాలయంలో మినిట్స్ పుస్తకం అడిగితే ఇబ్బంది పెట్టకుండానే చూపించారు. 2024 ఆగస్టు 23 గ్రామసభ. నాలుగో అంశం మా వీధి సీసీ రోడ్డు, ఏకగ్రీవం. సైడు డ్రెయిన్ ఊసు లేదు, ఏఈ గారి అంచనా కరెక్టే. కింద హాజరైనవాళ్ల సంతకాలు వరసగా చూసుకుంటూ వస్తే పంతొమ్మిదోది నాన్నది. ఆ కొమ్ము తిప్పిన రాత నాకు బాగా తెలుసు, నా ప్రోగ్రెస్ కార్డుల మీద పదేళ్లు చూశాను.

ఇంటికొచ్చి అడిగాను. కాసేపు ఆలోచించి, "ఆ రోజు టీ, బిస్కెట్లు ఇచ్చారు కదా, అదేనా గ్రామసభ? రోడ్డేస్తారంటే ఎవడు కాదంటాడ్రా, నేనే చెయ్యెత్తాను" అన్నారు. అమ్మ లోపల్నించి నవ్వు.

ర్యాంపు పగలగొట్టించేశాను, ఇప్పుడు బండి వీధిలోనే ఉంటోంది. మాతో కలిపి తొమ్మిది ఇళ్లవాళ్లు సంతకానికి ఒప్పుకున్నారు, నలుగురు చూద్దాం అన్నారు, ఒకాయన మాట్లాడటం మానేశాడు. టేపు పట్టి కొలిస్తే మా సందు మొదలు నుంచి ఖానా దాకా 86 మీటర్లు వచ్చింది. వచ్చే గ్రామసభకి నాన్నే మాట్లాడతానంటున్నారు. అర్జీ కూడా తనే రాస్తున్నారు, ఠావు కాగితం మీద, కాటన్ దొర దగ్గర్నుంచి మొదలుపెట్టారు.